సర్వర్ కొత్తదే, స్క్రీనే తెరుచుకోదు: చాలా ఆఫీసులున్న కంపెనీల్లో లెక్క ఎక్కడ తప్పుతోంది

హెడ్ ఆఫీసులో కూర్చున్నవాళ్లకు బిల్లింగ్ స్క్రీను రెప్పపాటులో తెరుచుకుంటుంది. అదే స్క్రీను, అదే సాఫ్ట్‌వేరు, అదే డేటాబేసు, కానీ రెండు వేల కిలోమీటర్ల అవతలి బ్రాంచిలో మాత్రం పదహారు సెకన్లు పడుతుంది. ఫిర్యాదు వెళ్తుంది. ఐటీ విభాగం సర్వర్ వైపు చూస్తే ప్రాసెసర్ వాడకం 12 శాతం, మెమరీ సగం ఖాళీ, "సర్వర్ బాగానే ఉంది" అని జవాబు వస్తుంది. ఆరు నెలలు గడిచి అరుపులు ఎక్కువయ్యాక రెట్టింపు ప్రాసెసర్లతో కొత్త సర్వర్ దిగుతుంది. బ్రాంచిలో పదహారు సెకన్లు పదహారు సెకన్లుగానే ఉంటాయి.

పెద్ద కంపెనీల్లో ఇది చాలా మామూలుగా జరిగే కథ. "సర్వర్ ఎంత పెద్దది కావాలి" అనే ప్రశ్నతో ప్లానింగ్ మొదలుపెడితే దాదాపు ఎప్పుడూ ఇక్కడికే చేరుతుంది, ఎందుకంటే రోగం ఒకటైతే మందు ఒకటి అవుతోంది.

## సంక్షిప్తంగా

పలు ఆఫీసులున్న చోట నెమ్మదికి మొదటి కారణం దూరాన్ని పదేపదే దాటాల్సి రావడం. రెండోది, సర్వర్‌ను సగటు రద్దీకి సరిపెట్టి పొద్దున తొమ్మిది గంటల రద్దీని మర్చిపోవడం. ఎక్కువ బ్యాండ్‌విడ్త్, ఎక్కువ ప్రాసెసర్లు కొంటే ఈ రెండూ కొంతవరకే తగ్గుతాయి. ఏ డేటా ఎక్కడుండాలో ముందు తేలాలి, సైజు లెక్క ఆ తర్వాత. పడిపోతే ఎంతసేపట్లో లేవాలన్నది కూడా కొనేముందే తేలాల్సిన సంగతి.

## ఒక స్క్రీను, నాలుగు వందల ప్రయాణాలు

ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే ప్రతి 1000 కిలోమీటర్లకు పోవడానికి 5, రావడానికి 5, మొత్తం 10 మిల్లీసెకన్లు. ఎంత డబ్బు పోసినా ఇంతకంటే తగ్గదు. పైగా కేబుల్ గీత గీసినట్టు తిన్నగా వెళ్లదు, వంకర్లు తిరుగుతుంది, మధ్యలో రౌటర్లూ ఫైర్‌వాల్‌లూ తలా కాస్త కలుపుతాయి. కాబట్టి 2000 కిలోమీటర్ల దూరానికి 20 బదులు 40 మిల్లీసెకన్లు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. నలభై మిల్లీసెకన్లు మనిషికి అసలు తెలియవు. అవి నాలుగు వందల సార్లు కలిసినప్పుడే తెలుస్తుంది.

చాలా వ్యాపార సాఫ్ట్‌వేర్లు లోపల చేసే పని సరిగ్గా ఇదే. కస్టమర్ పేజీ తెరవగానే ముందు బిల్లుల జాబితా తెచ్చుకుంటుంది, తర్వాత ఒక్కో బిల్లు కోసం డేటాబేసును విడిగా అడుగుతుంది, ఆ బిల్లులోని ఒక్కో వస్తువు పేరు కోసం మళ్లీ అడుగుతుంది. ప్రోగ్రామర్ మెషీన్‌కు డేటాబేసు పక్కనే ఉంటుంది కాబట్టి ఒక్కో ప్రశ్నకు అర మిల్లీసెకను, 400 ప్రశ్నలకు కలిపి 200 మిల్లీసెకన్లు. ఎవరికీ అనుమానం రాదు. అదే ప్రోగ్రామును బ్రాంచి కంప్యూటర్లలో పెట్టి, డేటాబేసును హెడ్ ఆఫీసులో ఉంచితే 400 ఇంటూ 40, పదహారు సెకన్లు. ఆ పదహారులో సర్వర్ నిజంగా పనిచేసేది సెకనులో చిన్న ముక్క. మిగతా సమయమంతా తర్వాతి ప్రశ్న ఎప్పుడొస్తుందా అని ఖాళీగా కూర్చుంటుంది. ప్రాసెసర్ 12 శాతం చూపించడం వెనక మర్మం ఇంతే.

ఫైల్ సర్వర్లదీ ఇదే తీరు. విండోస్ ఫైల్ షేరింగ్‌లో వాడే ఎస్‌ఎంబీ అనే పద్ధతి మొదటి వెర్షన్ దగ్గరి నెట్‌వర్క్‌ను దృష్టిలో పెట్టుకుని చేసింది కాబట్టి, ఒక ఫోల్డర్ తెరవడానికి కూడా చాలాసార్లు అటూ ఇటూ మాట్లాడుకుంటుంది. విండోస్ విస్టాతో వచ్చిన రెండో వెర్షన్‌లో ఈ మాటలు బాగా తగ్గించారు. భద్రతాపరంగానూ మొదటి వెర్షన్ ఎంత ప్రమాదమో 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై మాల్‌వేర్ చూపించింది. అయినా పాత స్కానర్ ఒక్కటి పనిచేయడం ఆగిపోతుందని దాన్ని ఆపకుండా ఉంచుకున్న ఆఫీసులు ఉంటూనే ఉంటాయి.

ఇంతవరకు బాధ బ్రాంచిదే. హెడ్ ఆఫీసు కూడా ఇందులోకి వచ్చేది లాక్‌ల దగ్గర, అంటే ఒకరు వాడుతున్న రికార్డును ఇంకొకరు మార్చకుండా డేటాబేసు వేసే తాళాల దగ్గర. బ్రాంచిలో ఒక లావాదేవీ పదహారు సెకన్లు సాగిందంటే, అది పట్టుకున్న రికార్డులు కూడా అంతసేపు లాక్ అయి ఉండే అవకాశం ఉంది. అదే స్టాక్ లెక్కను మార్చాలనుకున్న హెడ్ ఆఫీసు ఉద్యోగి అప్పటిదాకా ఆగాలి, అతని వెనక ఇంకొకరు. దూరం ఒక చోటిది, నెమ్మది అందరిది.

మందు కూడా కారణంలోనే ఉంది. 400 ప్రశ్నలను నాలుగు ప్రశ్నలుగా కలిపి రాస్తే పదహారు సెకన్లు 160 మిల్లీసెకన్లవుతుంది, దీనికి హార్డ్‌వేరు ఖర్చు సున్నా. సాఫ్ట్‌వేరు బయటివాళ్లది, మార్చే వీల్లేదు అనుకుంటే ప్రోగ్రామునే డేటాబేసు పక్కకు తీసుకెళ్లాలి: వెబ్ రూపంలో అందించడం గానీ, రిమోట్ డెస్క్‌టాప్‌తో స్క్రీన్ బొమ్మను మాత్రమే బ్రాంచికి పంపడం గానీ. రిమోట్ డెస్క్‌టాప్ 40 మిల్లీసెకన్ల దగ్గర హాయిగానే ఉంటుంది. దూరం బాగా పెరిగితే టైపు చేసిన అక్షరం ఆలస్యంగా కనిపించడం మొదలవుతుంది, అప్పుడు చిరాకు వేరే రూపంలో వస్తుంది.

## లైను వెడల్పు చేస్తే సరిపోదా

ఎక్కువమంది మొదట కొనేది బ్యాండ్‌విడ్త్. సెకనుకు ఎంత డేటా పడుతుందన్నది బ్యాండ్‌విడ్త్, ఒక ప్రశ్న పోయి జవాబు రావడానికి ఎంతసేపన్నది లేటెన్సీ. రోడ్డుకు పది లేన్లు వేసినా ఊళ్ల మధ్య దూరం తగ్గదు కదా. పైన చెప్పిన పదహారు సెకన్ల స్క్రీనుకు 100 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) లైను ఉన్నా, 1000 ఎంబీపీఎస్ లైను ఉన్నా ఒకటే.

పెద్ద ఫైళ్ల విషయంలోనూ దూరం తన వాటా తాను తీసుకుంటుంది. నెట్‌వర్క్‌లో డేటాను పంపే నియమావళి టీసీపీలో, పంపేవాడు కొంత డేటా పంపి, అందిందన్న కబురు కోసం ఆగుతాడు. పాత పద్ధతిలో ఆ "కొంత" గరిష్ఠం 64 కిలోబైట్లు. రానూపోనూ 40 మిల్లీసెకన్లు పట్టే దారిలో 64 కిలోబైట్లకోసారి ఆగుతూ వెళ్తే వేగం 13 ఎంబీపీఎస్ దాటదు, లైను ఒక గిగాబిట్‌ది అయినా సరే. ఈ పరిమితిని పెంచే విండో స్కేలింగ్ 1992లోనే ప్రమాణంగా వచ్చింది, ఇప్పటి ఆపరేటింగ్ సిస్టమ్‌లన్నీ వాడతాయి. కానీ మధ్యలో ఉన్న పాత ఫైర్‌వాల్ ఆ సూచనను తుడిచేసినా, లైనులో కాస్త ప్యాకెట్లు (డేటా ముక్కలు) దారిలో పోతున్నా కథ మళ్లీ మొదటికి వస్తుంది. "లైను ఖాళీగా ఉంది, కాపీ మాత్రం కదలదు" అనే ఫిర్యాదు వచ్చినప్పుడు మొదట చూడాల్సినవి ఇవి.

బ్యాండ్‌విడ్త్ పనికిరాదని కాదు. బ్యాకప్‌లు, వీడియో కాల్స్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు దాన్ని నిజంగానే తింటాయి. 10 టెరాబైట్ల డేటాను 100 ఎంబీపీఎస్ లైను మీద పంపాలంటే, లైను మొత్తం దానికే ఇచ్చేసినా తొమ్మిది రోజుల పైన పడుతుంది. కొత్త డేటా సెంటర్‌కు మారే తేదీని ఈ లెక్క వేయకుండా ప్రకటించే కంపెనీలు తక్కువేం కాదు.

దారి కూడా చూడాలి. మెయిల్, డాక్యుమెంట్లు క్లౌడ్‌కు మారిపోయినా, బ్రాంచి ఇంటర్నెట్ మొత్తం హెడ్ ఆఫీసు ఫైర్‌వాల్ గుండానే పోవాలన్న పాత నియమం చాలాచోట్ల అలాగే ఉంది. బ్రాంచికి దగ్గర్లోనే ఉన్న క్లౌడ్ సర్వర్‌ను చేరడానికి డేటా ముందు హెడ్ ఆఫీసుకు వెళ్లి, అక్కడి నుంచి వెనక్కి తిరుగుతుంది. ఆఫీసుల మధ్య డేటా దారులను సాఫ్ట్‌వేరుతో నడిపించే ఎస్‌డీ వ్యాన్ పద్ధతిలో బ్రాంచి నుంచి నేరుగా బయటికి పంపొచ్చు, అయితే అప్పుడు ప్రతి బ్రాంచిలోనూ భద్రతను చూసుకోవాల్సిందే.

## ఎనభై శాతం దగ్గర ఏం జరుగుతుంది

రెండో తప్పు వాడకం శాతాన్ని సూటిగా చదవడం. ప్రాసెసర్ 90 శాతం వాడుతున్నామంటే ఇంకా 10 శాతం మిగిలి ఉంది కదా, డబ్బు వృథా కాలేదు కదా అనిపిస్తుంది. క్యూ లెక్క వేరేలా చెబుతుంది. పనులు ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే ఒక్క సర్వర్‌ను తీసుకుంటే, ఒక పనికి పట్టే మొత్తం సమయం అసలు పని సమయాన్ని ఖాళీ భాగంతో భాగించినంత. వాడకం 50 శాతమైతే రెండింతలు, 80 దగ్గర ఐదింతలు, 90 దగ్గర పదింతలు, 95 దగ్గర ఇరవై ఇంతలు. 80 నుంచి 95కు రద్దీ పెరిగింది ఐదో వంతు కూడా కాదు, నిరీక్షణ మాత్రం నాలుగు రెట్లు. చాలా కోర్లున్న (కోర్ అంటే ప్రాసెసర్ లోపల విడిగా పనిచేసే భాగం) మెషీన్‌లో గీత కొంచెం ఆలస్యంగా పైకి లేస్తుంది, లేచినప్పుడు మాత్రం ఇంకా నిటారుగా లేస్తుంది. నిన్నటిదాకా బాగున్న సిస్టమ్ ఇవాళ హఠాత్తుగా కూలబడిందని అనిపించేది అందుకే.

ఈ రద్దీ రోజంతా సమానంగా రాదు. నాలుగు వేల మంది ఉద్యోగులు ఎనిమిది గంటల్లో ఎప్పుడో ఒకప్పుడు లాగిన్ అవుతారని సగటు తీస్తే ఒక అంకె వస్తుంది, అందరూ తొమ్మిది నుంచి తొమ్మిదింబావు మధ్య వస్తే దానికి 32 రెట్లు. నెలాఖరున జీతాలు, ఆర్థిక సంవత్సరం చివర ఖాతాల ముగింపు కూడా ఇలాంటివే. సైజు లెక్క ఈ పావుగంటకు వేయాలి. నెల సగటు గ్రాఫు చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ ఈ పావుగంట అందులో కనిపించదు.

1961లో జాన్ లిటిల్ రుజువు చేసిన చిన్న సూత్రం ఇక్కడ బాగా పనికొస్తుంది: ఒక సమయంలో లోపల ఉన్న పనుల సంఖ్య, సెకనుకు వచ్చే పనులను ఒక్కోదానికి పట్టే సమయంతో గుణించినంత. సెకనుకు 200 అభ్యర్థనలు వస్తూ ఒక్కోటి పావు సెకనులో పూర్తయితే లోపల ఎప్పుడూ 50 ఉంటాయి. డేటాబేసుకు 100 కనెక్షన్లు పెట్టుకున్నవాళ్లు నిశ్చింతగా ఉంటారు. ఏదో ఒక లాక్ వల్ల ఒక్కోదానికి ఒక సెకను పట్టడం మొదలైందనుకోండి, లోపల 200 కావాలి, కనెక్షన్లు 100, మిగతావి బయట క్యూలో. ఆగలేని వినియోగదారులు రిఫ్రెష్ బటన్ మళ్లీ మళ్లీ నొక్కుతారు, మూలిగే నక్క మీద తాటిపండు. రద్దీ ఏమాత్రం పెరగకపోయినా సిస్టమ్ పడిపోతుంది, ఆ సమయంలో ప్రాసెసర్ గ్రాఫు మళ్లీ 12 శాతం దగ్గరే ఉండొచ్చు.

రెండు సర్వర్లు జంటగా పెట్టుకునే చోట ఇంకో ఉచ్చు ఉంది. రెండూ చెరో 60 శాతంతో నడుస్తుంటే బాగున్నట్టే కనిపిస్తుంది. ఒకటి పడిపోతే రెండోదాని మీద 120 శాతం పడుతుంది, అదీ పడుతుంది. జంట అని పేరే కానీ నిజానికి ఒక్క సర్వర్ కూడా అదనంగా లేదన్నమాట.

సగటు జవాబు సమయం గురించి ఒక్క మాట. వందలో ఒక్క ప్రశ్న మాత్రమే నెమ్మది అంటే చిన్న విషయంలా ఉంటుంది, కానీ ఒక స్క్రీను తెరవడానికి అలాంటి ప్రశ్నలు వంద కావాలంటే, వాటిలో కనీసం ఒకటైనా నెమ్మదిది తగిలే అవకాశం 63 శాతం. అందుకే సగటును పక్కన పెట్టి వందలో 95వ, 99వ స్థానంలోని సమయాన్ని, అదీ ఆఫీసువారీగా చూడాలి. అన్ని ఆఫీసులనూ కలిపి తీసిన అంకెలో దూరపు బ్రాంచి గొంతు వినపడదు.

## డిస్కులు, వర్చువల్ మెషీన్లు

నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్ డిస్కుకు సగం చుట్టు తిరగడానికే 4 మిల్లీసెకన్ల పైన పడుతుంది, దానికి హెడ్ కదిలే సమయం కలిపితే సెకనుకు 80 దాకా చదవగలదు లేదా రాయగలదు. పన్నెండు డిస్కులు కలిపినా వెయ్యి లోపే. వాటిని రెయిడ్ 5లో (ఒక డిస్కు పాడైనా డేటా పోకుండా డిస్కులను కలిపే పద్ధతుల్లో ఒకటి) పెడితే ప్రతి చిన్న రాతకూ నాలుగు డిస్కు పనులు జరుగుతాయి కాబట్టి రాతలు 240కి పడిపోతాయి, రెయిడ్ 10లో రెండే కాబట్టి 480 వస్తాయి. తిరిగే భాగాలు లేని ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలో ఈ అంకె లక్షల్లో ఉంటుంది. డేటాబేసును ఇంకా హార్డ్ డిస్కుల మీద నడుపుతూ ప్రాసెసర్లు కొంటున్నారంటే ఆ ఖర్చుకు సమర్థన దొరకడం కష్టం. హార్డ్ డిస్కులకు ఇప్పటికీ చోటుంది, అది బ్యాకప్‌లూ పాత దస్త్రాలూ ఉండే చోటు.

ఒకే అసలు సర్వర్‌ను పంచుకుని నడిచే వర్చువల్ మెషీన్ల విషయంలో "ఎందుకైనా మంచిదని" ఎక్కువ కోర్లు అడగడం ఒక అలవాటు. ఒక హోస్ట్ (ఆ అసలు సర్వర్) మీద ఉన్న కోర్లకు మించి పంచిపెట్టినప్పుడు, పదహారు కోర్ల మెషీన్ తన వంతు కోసం నాలుగు కోర్ల దానికంటే ఎక్కువ ఆగాల్సి రావొచ్చు. లోపలి నుంచి చూస్తే ఈ ఆగడం సరిగా కనిపించదు, హోస్ట్ వైపు నుంచి రెడీ టైమ్ (వంతు కోసం ఆగిన సమయం) చూడాలి.

కోర్లతో ఇప్పుడు డబ్బు కూడా ముడిపడింది. విండోస్ సర్వర్ 2016 నుంచి లైసెన్సు కోర్ల లెక్కన ఉంది, సర్వర్‌కు కనీసం 16 కోర్లకు కొనాలి. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్, వర్చువల్ మెషీన్ల సాఫ్ట్‌వేరు కంపెనీ వీఎంవేర్‌ను కొన్నాక, ఆ ఏడాది డిసెంబరులోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపి చందా పద్ధతికి మారింది. దీంతో చాలా కంపెనీలు హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేరు) ఎంపికను మళ్లీ తెరిచాయి. ఎక్కువ కోర్లున్న నెమ్మది ప్రాసెసర్ కంటే తక్కువ కోర్లున్న వేగమైన ప్రాసెసర్ లైసెన్సు ఖర్చు కలిపాక చవక పడే సందర్భాలు ఉన్నాయి. హార్డ్‌వేరు కొటేషన్‌నూ లైసెన్సు కొటేషన్‌నూ వేరే వేరే ఫైళ్లలో చూసే చోట ఇది బయటపడదు.

## ఏది ఎక్కడ ఉండాలి

మూడు దారులున్నాయి: అన్నీ ఒకే చోట, ప్రతి ఆఫీసులో ఒక సర్వర్, లేదా క్లౌడ్. ఏది మంచిదన్న వాదనకు అంతు లేదు, ఎందుకంటే జవాబు కంపెనీని బట్టి కంటే డేటాను బట్టి మారుతుంది.

చాలామంది చదివి, అరుదుగా మారేవి (ధరల పట్టికలు, ఇన్‌స్టాలేషన్ ఫైళ్లు, అప్‌డేట్లు) ప్రతి బ్రాంచిలో నకలు పెట్టుకోవడానికి సరిగ్గా సరిపోతాయి. లాగిన్ కూడా అంతే. ఉద్యోగుల ఖాతాలు చూసుకునే విండోస్ వ్యవస్థ యాక్టివ్ డైరెక్టరీ వాడే చోట పెద్ద బ్రాంచికి సొంత డొమైన్ కంట్రోలర్ (లాగిన్లను సరిచూసే సర్వర్) ఉంటే, లైను తెగినా కంప్యూటర్లు తెరుచుకుంటాయి. తాళం సరిగా లేని గదుల్లో పెట్టడానికనే విండోస్ సర్వర్ 2008లో చదవడానికి మాత్రమే వీలున్న కంట్రోలర్ వచ్చింది. అయితే సైట్ల మధ్య మార్పులు చేరడానికి డిఫాల్టు వ్యవధి 180 నిమిషాలు. ఉద్యోగంలోంచి తీసేసిన మనిషి ఖాతా హెడ్ ఆఫీసులో ఆగిపోయినా బ్రాంచిలో మూడు గంటలు బతికే ఉంటే అది ఎవరి బాధ్యతో ముందే మాట్లాడుకోవాలి.

అందరూ రాసే డేటా దగ్గరే అసలు చిక్కు. రెండు చోట్ల ఒకేసారి రాసి, రెండూ ఎప్పుడూ ఒకేలా ఉండాలంటే ప్రతి రాత అవతలి జవాబు కోసం ఆగాలి. 40 మిల్లీసెకన్ల దూరంలో, బిల్లు నంబరు ఇచ్చే కౌంటరు లాంటి ఒకే రికార్డును ఒకరి తర్వాత ఒకరు మార్చాల్సి వస్తే సెకనుకు 25 మించి సాగదు, సర్వర్ ఏదైనా సరే. అందుకే రెండు చోట్ల ఒకేసారి రాసే పద్ధతులను దగ్గరి డేటా సెంటర్ల మధ్యే వాడతారు. దూరమైతే అవతలి నకలు కొన్ని సెకన్లు వెనకబడి ఉంటుందని ఒప్పుకోవాలి. లింకు తెగినప్పుడు రెండు వైపులా రాయనిస్తే లెక్కలు విడిపోతాయి, ఒక వైపు ఆపేస్తే ఆ వైపు పని ఆగుతుంది. కంప్యూటర్ శాస్త్రవేత్త ఎరిక్ బ్రూవర్ 2000లో చెప్పిన, 2002లో గిల్బర్ట్, లించ్ రుజువు చేసిన సంగతి ఇదే. సేల్స్‌మ్యాన్ మాటల్లో మాత్రం లెక్కలు విడిపోకపోవడం, పని ఆగకపోవడం రెండూ ఒకేసారి దొరుకుతాయి.

క్లౌడ్‌కు మారితే కొనడం తేలికవుతుంది, రద్దీకి తగ్గట్టు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. దూరం మాత్రం మాయం కాదు, ఎంచుకున్న రీజియన్ (క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్లున్న ప్రాంతం) ఎక్కడుంటే అక్కడికి కొలవాలి. సగం సిస్టమ్‌ను క్లౌడ్‌కు పంపి డేటాబేసును పాత చోటే ఉంచితే మొదట చూసిన 400 ప్రయాణాల స్క్రీనే మళ్లీ తయారవుతుంది, ఈసారి అన్ని ఆఫీసులకూ కలిపి.

## పడిపోయినప్పుడు

ఒక సిస్టమ్ 99.9 శాతం సమయం నడుస్తుందంటే ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాలు ఆగిపోవడం. బ్రాంచి ఉద్యోగి పని జరగాలంటే లోకల్ స్విచ్, లైను, ఫైర్‌వాల్, అప్లికేషన్ సర్వర్, డేటాబేసు అన్నీ నడవాలి. ఐదూ 99.9 శాతంవే అయితే మొత్తం 99.5, అంటే ఏడాదికి 44 గంటలు. సర్వర్ ఒక్కదానికే ఐదు తొమ్మిదులు (99.999 శాతం) కొనుక్కుని, బ్రాంచికి ఒకే లైనుతో సరిపెట్టడం ఈ లెక్క ముందు నిలవదు.

రెండేసి పెట్టుకున్నా రెండూ ఒకే కారణంతో పడిపోతే లాభం లేదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో క్లౌడ్ కంపెనీ ఓవీహెచ్ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు, బ్యాకప్ కూడా అదే ప్రాంగణంలో ఉన్న కస్టమర్లు రెండూ పోగొట్టుకున్నారు. అదే ఏడాది అక్టోబరు 4న ఫేస్‌బుక్ అంతర్గత నెట్‌వర్క్‌ను ఒక తప్పు కమాండ్ తెంపేస్తే, బాగుచేయడానికి వాడే సాధనాలు కూడా అదే నెట్‌వర్క్ మీద ఆధారపడి ఉండడంతో కోలుకోవడానికి ఆరు గంటలు పట్టింది. 2024 జులై 19న భద్రతా సాఫ్ట్‌వేరు కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క అప్‌డేట్ 85 లక్షల విండోస్ మెషీన్లను పడగొట్టింది. అన్ని సర్వర్లకూ ఒకే నిమిషంలో ఒకే అప్‌డేట్ వెళ్లేచోట జంట సర్వర్లు ఒకదాన్నొకటి కాపాడలేవు.

బ్యాకప్ ఉందా అన్న ప్రశ్నకు అందరూ ఉందనే చెబుతారు, తిరిగి తేవడానికి ఎంతసేపు అంటే నసుగుతారు. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్‌ను భద్రపరిచే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేసునే చెరిపేశాక చూస్తే, పెట్టుకున్న బ్యాకప్ పద్ధతులు ఒక్కొక్కటీ పనిచేయడం లేదని తేలింది. ఆరు గంటల ముందు చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణానికి డేటా నకలు) దొరకబట్టి బతికిపోయారు, అయినా అది నెమ్మది డిస్కుల మీద ఉండడంతో కోలుకోవడానికి దాదాపు 18 గంటలు పట్టింది. ఆ కంపెనీ ఇదంతా దాచకుండా బయటపెట్టింది కాబట్టి మిగతావాళ్లకు పాఠం దొరికింది. 20 టెరాబైట్లను ఒక గిగాబిట్ లైను మీద వెనక్కి తేవాలంటే 44 గంటలు. "నాలుగు గంటల్లో తిరిగి లేస్తాం" అని కాగితం మీద రాసుకుని, చేతిలో ఈ లైను ఉంటే ఆ కాగితానికి అర్థం లేదు.

## కొనే ముందు

కొలతలకు పెద్ద సరంజామా అక్కర్లేదు. ప్రతి ఆఫీసు నుంచి సర్వర్‌కు పింగ్ సమయం (చిన్న కబురు పోయి రావడానికి పట్టే సమయం) ఒక వారం పాటు, డేటాబేసులోని నెమ్మది ప్రశ్నల లాగ్, ఎక్కువ వాడే పది స్క్రీన్లు ఒక్కోటి ఎన్ని ప్రశ్నలు అడుగుతున్నాయన్న లెక్క, నెలాఖరు పావుగంటలో వాడకం. ఈ నాలుగూ చేతిలో ఉంటే కొనాల్సిన జాబితా సగానికి సగం మారిపోవచ్చు.

కొత్త సాఫ్ట్‌వేర్ డెమో ఎప్పుడూ సర్వర్ పక్కన కూర్చుని చూపిస్తారు, అక్కడ అన్నీ వేగంగానే ఉంటాయి. లినక్స్‌లో నెట్‌ఎమ్ అనే సౌకర్యం ఉంది, టీసీ కమాండ్‌తో నెట్‌వర్క్‌కు కావాల్సినంత ఆలస్యాన్ని కృత్రిమంగా కలపొచ్చు, ఒక్క లైను రాస్తే చాలు. దూరపు బ్రాంచికి ఎన్ని మిల్లీసెకన్లు పడుతుందో అన్నీ కలిపి, అదే డెమోను అదే గదిలో ఇంకోసారి నడపమని అడగాలి, కొనుగోలు కాగితాల మీద సంతకం చేయాల్సిన మనిషిని కీబోర్డు ముందు కూర్చోబెట్టి.